“మీకు వేరే స్కీం ఉందిగా మేడం!”: మహిళా అధ్యాపకుల రీసెర్చ్ గ్రాంట్లు, అపోహలు - వాస్తవాలు

పరిశోధనకి గ్రాంట్లిచ్చే సంస్థలు ప్రపోజల్స్ పంపమంటూ ఇచ్చే ప్రకటన, అంటే కొత్త ప్రాజెక్ట్ కాల్ ఏదైనా వచ్చిందంటే ఆ సాయంత్రం నుంచే నా ఫోన్ మోగుతుంది. యూనివర్సిటీ రీసెర్చ్ సెల్ చూస్తున్నాను కాబట్టి అది మామూలే. ఫోన్ చేసేవాళ్ళలో ఎక్కువమంది సైన్స్, ఇంజనీరింగ్ డిపార్ట్‌మెంట్లలో పనిచేసే ఆడపిల్లలు. మా యూనివర్సిటీ వాళ్ళే కాదు, అఫిలియేటెడ్ కాలేజీల నుంచి కూడా చేస్తారు. ఏళ్ళు గడిచినా ప్రశ్న మాత్రం మారలేదు. “మేడం, ఇది జనరల్ కాల్ కదా. మనకి విడిగా ఆడవాళ్ళ స్కీం వస్తుందట. దానికోసం ఆగమంటారా?”

ఆగొద్దు. ఈ ఒక్క మాట కోసమే ఇదంతా రాస్తున్నాను. మిగతా అపోహల సంగతి కూడా చెబుతాను కానీ వాటివల్ల కలిగేది కాస్త చిరాకు, కాస్త టెన్షన్. దీనివల్ల పోయేవి మాత్రం ఏళ్ళు.

అపోహ: మహిళలకు ప్రత్యేక స్కీములున్నాయి కాబట్టి మహిళలు వాటికే అప్లై చేయాలి.

వాస్తవం: ఇది ఎక్కడా రాసి లేదు. జనరల్ కాల్ అంటే మగవాళ్ళ కాల్ కాదు. పీహెచ్‌డీ ఉందా, రెగ్యులర్ ఉద్యోగం ఉందా, వయసు పరిమితి ఉంటే అందులో ఉన్నారా, ఇవే అడుగుతారు. పెరటి గుమ్మం ఒకటి కొత్తగా పెట్టించారని వీధి గుమ్మం మూసుకుని కూర్చుంటామా?

పోనీ ఆ ప్రత్యేక స్కీం ఎంత పెద్దదో చూద్దాం. 2020 అక్టోబర్‌లో సెర్బ్ (పరిశోధనలకి గ్రాంట్లిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ‘పవర్’ పేరుతో ఒక స్కీం మొదలుపెట్టింది. అందులో రెండు భాగాలు. మొదటిది ఫెలోషిప్. 35 నుంచి 55 ఏళ్ళ మధ్య ఉన్న మహిళా శాస్త్రవేత్తలకు మూడేళ్ళపాటు నెలకు 15 వేలు అదనంగా, ఏడాదికి 10 లక్షల రీసెర్చ్ గ్రాంట్. రెండోది ప్రాజెక్ట్ గ్రాంట్. ఐఐటీలు, ఎన్ఐటీలు, సెంట్రల్ యూనివర్సిటీలు, జాతీయ ప్రయోగశాలల వాళ్ళకి మూడేళ్ళకు 60 లక్షల వరకు, రాష్ట్ర విశ్వవిద్యాలయాలు, కాలేజీలు, ప్రైవేటు విద్యాసంస్థల వాళ్ళకి 30 లక్షల వరకు. మంచి స్కీమే, కాదనను. మనలాంటి రాష్ట్ర యూనివర్సిటీల వాళ్ళని ఐఐటీల వాళ్ళతో కలిపి తూచకుండా విడిగా లెవెల్ పెట్టడం ఇంకా మంచి ఆలోచన. కానీ ఆ ఫెలోషిప్ ఏడాదికి ఎంతమందికి? దేశం మొత్తమ్మీద 25 మందికి మించకుండా. ఆంధ్రా, తెలంగాణల్లో సైన్స్, ఇంజనీరింగ్ చెప్పే ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఒకసారి ఊహించుకోండి. మన దగ్గర అందరూ ఆ 25 కోసం చూస్తూ కూర్చుంటే ఏమవుతుంది?

పైగా ఇలాంటి కాల్ ఏటా ఫలానా నెలలో తప్పకుండా వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. ఈలోగా సెర్బ్ సంస్థే మారిపోయింది. 2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్, అంటే ఏఎన్ఆర్ఎఫ్‌లో అది కలిసిపోయింది. 2024 ఫిబ్రవరి నుంచి ఆ చట్టం అమల్లో ఉంది. దాంతో స్కీముల పేర్లు మారాయి, ఫార్మాట్లు మారాయి. 2020 నాటి పీడీఎఫ్ మాత్రం ఇప్పటికీ వాట్సాప్‌లో “అర్జెంట్, లాస్ట్ డేట్ దగ్గర పడింది” అంటూ తిరుగుతోంది. ఏ లాస్ట్ డేటమ్మా? ఫార్వర్డ్ చేసేముందు ఒక్కసారి పైన సంవత్సరం చూడండి, దండం పెడతాను.

మీరు ఆగిన కాలంలో జనరల్ కాల్స్ తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. ప్రైమ్ మినిస్టర్ ఎర్లీ కెరీర్ రీసెర్చ్ గ్రాంట్ లాంటివాటికి వయసు పరిమితి ఉంది. కెరీర్ మొదట్లో వాడుకోవాల్సిన కాల్‌ని “ఇది మనది కాదులే” అని వదిలేస్తే, మళ్ళీ దాన్ని అందుకునేసరికి వయసు దాటిపోతుంది. పెళ్ళి, కాన్పు, పిల్లల స్కూలు అన్నీ వచ్చిపడేది సరిగ్గా ఆ ఏళ్ళలోనే.

డీఎస్టీ, అంటే కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ, చెప్పే లెక్క ఒకటుంది. ఎక్స్‌ట్రా మ్యూరల్ ప్రాజెక్టుల్లో (బయటి సంస్థల గ్రాంట్లతో చేసేవి) మహిళల వాటా 2000-01లో 13 శాతం. 2016-17కి 24 శాతం అయింది. మీటింగుల్లో ఈ లెక్క చెప్పి చప్పట్లు కొట్టించుకుంటారు. పెరిగింది, సంతోషం. మిగిలిన 76 శాతం ఎవరిదో కూడా చెబితే బాగుంటుంది. ఆ 76 శాతంలోకి వెళ్ళాలంటే దారి జనరల్ కాలే.

ఈ అపోహ ఎక్కడి నుంచి పుడుతుందో కూడా చెప్పాలి. సగం మన భయం. సగం మాత్రం డిపార్ట్‌మెంట్‌లోనే తయారవుతుంది. “మీకు వేరే స్కీం ఉందిగా మేడం, దీన్ని మా కుర్రాడికి వదిలేయండి” అని హెచ్ఓడీ నవ్వుతూ అంటాడు. అందులో ద్వేషం ఉండదు, మర్యాదగానే అంటాడు. అందుకే కాదనడం కష్టం. కొన్ని చోట్ల డిపార్ట్‌మెంట్‌కి ఒక ప్రపోజలే పంపాలని సొంత రూలు పెట్టుకుంటారు. అలాంటి రూలు ఎవరైనా చెబితే “కాల్ డాక్యుమెంట్‌లో ఏ పేజీలో ఉంది సార్?” అని అడగండి. కోపంగా అక్కర్లేదు, మామూలుగా అడిగితే చాలు.

ఇదే అపోహకి చెల్లెలు ఒకతి ఉంది. ప్రాజెక్టుకి ప్రధాన బాధ్యత పీఐది (ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్), తోడుగా ఉండేది కో-పీఐ. ఆ చెల్లెలి మాట ఇది: “పీఐ ఎవరైతే ఏముంది, కో-పీఐగా ఉన్నా లాభం సమానమే కదా.”

గోదావరి జిల్లాల్లోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఎలక్ట్రానిక్స్. రొయ్యల చెరువుల్లో కరిగిన ఆక్సిజన్‌ని కొలిచే చవక సెన్సర్ మీద పని చేస్తోంది. వాళ్ళ నాన్నకి చెరువులున్నాయి. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే ఇంటిల్లిపాదీ నీళ్ళకి గాలి అందించే ఏరేటర్ల దగ్గరికి పరిగెత్తడం చూస్తూ పెరిగిన పిల్ల. ఆలోచన ఆమెది, రాత ఆమెది, చిన్న నమూనా కూడా ఆమే చేసింది. పీఐగా మాత్రం ఒక సీనియర్ పేరు పెట్టమన్నారట. “ప్రమోషన్ పాయింట్లు ఎలాగూ సగం సగమే కదమ్మా” అన్నారట.

ఆ పాయింట్ల మాట నిజమే. యూజీసీ 2018 రెగ్యులేషన్స్ ప్రకారం ఉమ్మడి ప్రాజెక్టయితే పీఐకి, కో-ఇన్వెస్టిగేటర్‌కి చెరి సగం. తేడా లేదు కాబట్టే సులువుగా ఒప్పుకుంటాం. తేడా కనబడేది తర్వాత. పరికరం పీఐ ల్యాబ్‌లో దిగుతుంది. ప్రాజెక్టులో పనిచేసే జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) పీఐ దగ్గర పీహెచ్‌డీకి రిజిస్టర్ అవుతాడు. పేపర్ మీద కరెస్పాండింగ్ ఆథర్ (దానికి బాధ్యులుగా పేరు పడేవారు) ఎవరవుతారో చెప్పక్కర్లేదు. మూడేళ్ళ తర్వాత ఆమె సొంతంగా ఇంకో ప్రపోజల్ రాస్తే, “పీఐగా చేసిన ప్రాజెక్టులు” అన్న కాలమ్‌లో గీత పెట్టాలి. ఆ సెన్సర్ మళ్ళీ వాడుకోవాలంటే తాళం ఎవరి దగ్గరుందో వెతుక్కోవాలి.

ఆమెతో ఒకటే అన్నాను: సీనియర్‌ని కో-పీఐగా పెట్టు, ఆయన అనుభవం వాడుకో, గౌరవంగా అడుగు. కాలేజీలో కొన్నాళ్ళు ముఖాలు మాడాయి. చివరికి ఆమె పీఐగానే వెళ్ళింది. మొదటిసారి రిజెక్ట్ అయింది. రివ్యూయర్ రాసిన కామెంట్లు మాత్రం పనికొచ్చేవి: ఉప్పునీటిలో సెన్సర్ ఎన్నాళ్ళు నిలుస్తుందో డేటా చూపించమన్నారు. ఇప్పుడు నాన్నగారి చెరువులోనే దాన్ని దింపి డేటా తీస్తోంది. పీఐ వేరే అయితే ఆ కామెంట్లు ఆమె దాకా వచ్చేవో లేదో.

ఇక మిగతావి గబగబా.

“ఆడవాళ్ళ గ్రాంట్ అంటే కోటా, ఏం రాసినా ఇస్తారు.” ఇచ్చేవాళ్ళు ఎక్కడున్నారో చెబితే నేనూ రాస్తాను. వీటికీ నిపుణుల రివ్యూ ఉంటుంది, వీటిలోనూ రిజెక్ట్ అవుతాయి. పోటీ ఆడవాళ్ళ మధ్య ఉన్నంత మాత్రాన పోటీ కాకుండా పోదు. ఈ మాట అనేవాళ్ళకి ఒక పాత సంగతి గుర్తుచేస్తాను. 1933లో కమలా సొహోనీ బెంగళూరు ఐఐఎస్సీలో చేరతానంటే ఆడపిల్ల అని సి.వి. రామన్ కాదన్నారు. ఆమె పట్టుబడితే, ఒక ఏడాది పరీక్షగా చూస్తామన్న షరతు మీద చేర్చుకున్నారు. 1939లో ఆమె కేంబ్రిడ్జి పీహెచ్‌డీ. అప్పట్లో కోటా ఎవరికి ఉన్నట్టు?

“విమెన్ సైంటిస్ట్ స్కీంకి నేను అప్లై చేయొచ్చా? అసోసియేట్ ప్రొఫెసర్‌ని.” చేయకూడదు. 2002-03లో డీఎస్టీ అది మొదలుపెట్టిందే చదువు, పరిశోధన మధ్యలో ఆపేసి మళ్ళీ రావాలనుకునే, రెగ్యులర్ ఉద్యోగం లేని మహిళల కోసం. ఇప్పుడు వైజ్-కిరణ్ కింద వైజ్-పీహెచ్‌డీ, వైజ్-పీడీఎఫ్ (పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్) అనే పేర్లతో ఉన్నాయి. మీకు పనికిరాకపోయినా, పీహెచ్‌డీ చేసి పిల్లల కోసం ఇంట్లో ఉండిపోయిన మీ క్లాస్‌మేట్‌కి పనికొస్తాయి. ఆమెకి చెప్పండి.

“క్యూరీ స్కీం డబ్బు నాకూ వస్తుందా?” అది వ్యక్తికి కాదు, సంస్థకి. మహిళా విశ్వవిద్యాలయాల్లో పరిశోధన సౌకర్యాలు పెంచడానికి డీఎస్టీ పెట్టింది. తిరుపతి శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయానికి అలా వచ్చింది. తర్వాత మహిళా పీజీ కాలేజీలకూ విస్తరించారు. మీరు కో-ఎడ్ యూనివర్సిటీలో ఉంటే దీని గురించి మర్చిపోండి.

“సీడ్ మనీ తీసుకుంటే బయటి గ్రాంట్ రాదు.” తప్పు. యూనివర్సిటీ ఇచ్చే సీడ్ మనీ చిన్న మొత్తమే అయినా, ప్రపోజల్‌లో చూపించుకోవడానికి ప్రిలిమినరీ డేటా దానితోనే వస్తుంది. మీ యూనివర్సిటీ ఇస్తుంటే ముందు అది అడగండి.

“ప్రాజెక్ట్ మధ్యలో కాన్పు వస్తే గ్రాంట్ క్యాన్సిల్.” ఇది విని, శాంక్షన్ వచ్చే అవకాశం ఉన్నా ప్రపోజల్ పెట్టని అమ్మాయిలు నాకు తెలుసు. వాళ్ళ మీద కోపం రాదు, చెప్పినవాళ్ళ మీద వస్తుంది. 2017 సవరణ తర్వాత చట్టం ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల ప్రసూతి సెలవు ఉంది. ప్రాజెక్టులో పనిచేసే జేఆర్ఎఫ్, సీనియర్ ఫెలోలైన ఎస్ఆర్ఎఫ్‌లకి కూడా కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం ప్రసూతి సెలవు వర్తిస్తుంది. పీఐ సెలవు పెట్టాల్సి వస్తే ముందే గ్రాంట్ ఇచ్చిన ఏజెన్సీకి రాయండి. కో-పీఐ ఆ కొన్ని నెలలు చూసుకునేలా, అదనపు డబ్బు లేకుండా గడువు పొడిగించేలా అడగవచ్చు. చెప్పకుండా ఊరుకుని, గడువు అయిపోయాక రాస్తేనే తంటా.

చివరగా డబ్బు భయం. దీని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇది పెద్దగా బయటికి చెప్పుకోని భయం. ఒకామె శాంక్షన్ ఆర్డర్ చేతికొచ్చాక ఫోన్ చేసి, గొంతు తగ్గించి అడిగింది: “ప్రయోగం ఫెయిలైతే ఆ 30 లక్షలు మేం కట్టాలా మేడం? మావారు అడగమన్నారు.” పక్కనే ఆయన ఉన్నట్టున్నారు, స్పీకర్‌లో పెట్టింది.

కట్టక్కర్లేదు. అది అప్పు కాదు, గ్రాంట్-ఇన్-ఎయిడ్. డబ్బు మీ ఖాతాలోకి రాదు, సంస్థ పేరిట వస్తుంది. అనుకున్న ఫలితం రాకపోతే రాలేదని రిపోర్ట్ రాస్తారు, అంతే. వెనక్కి కట్టాల్సింది ఖర్చు కాని మొత్తం, దానిమీద వచ్చిన వడ్డీ. అదీ సంస్థే కడుతుంది. మీ నెత్తి మీదకి వచ్చేది ఎప్పుడంటే, శాంక్షన్ ఆర్డర్‌లో పరికరాలకని ఇచ్చిన డబ్బు అనుమతి లేకుండా ప్రయాణాలకి వాడితే, కొటేషన్లు లేకుండా కొంటే, ఏటా పంపాల్సిన యూసీ (డబ్బు దేనికి వాడారో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్), ఖర్చుల స్టేట్‌మెంట్ పంపకపోతే. యూసీ ఆగితే తర్వాతి విడత ఆగుతుంది. విడత ఆగితే జేఆర్ఎఫ్ కుర్రాడి ఫెలోషిప్ ఆగుతుంది. అప్పుడు మీ గది ముందు నిలబడేది ఆ పిల్లాడే, అకౌంట్స్ సెక్షన్ వాళ్ళు కాదు. అందుకని మార్చి నెలాఖరు దాకా ఆగకుండా అకౌంట్స్‌తో నెలనెలా లెక్క సరిచూసుకోండి. మా అకౌంట్స్ సెక్షన్‌లో ఒక పెద్దాయన “ఆడవాళ్ళ ప్రాజెక్టుల లెక్కలు ఎప్పుడూ సరిపోతాయండీ” అంటుండేవాడు. అది పొగడ్తో, మగవాళ్ళ మీద ఫిర్యాదో నాకు తేలలేదు.

ఇప్పుడు కాల్ ఏదీ లేదు కదా అని ఊరుకోకండి. బయోడేటా, పబ్లికేషన్ల జాబితా, కొనదలచిన పరికరానికి తాజా కొటేషన్, రెండు పేజీల ప్రాజెక్ట్ సారాంశం దగ్గర పెట్టుకోండి. సంస్థ అధిపతి సంతకంతో ఎండార్స్‌మెంట్ లెటర్ కావాలి. ఆయన ఊళ్ళో లేకపోతే ఎవరి సంతకం చెల్లుతుందో ఇప్పుడే కనుక్కోండి. కాల్ రాగానే అది ప్రత్యేకమా జనరలా అని కాకుండా, అర్హతల పేజీ తీసి మీ వయసు, మీ ఉద్యోగం, మీ సబ్జెక్ట్ సరిపోతాయా అని చూడండి. ఏ వాక్యమైనా అర్థం కాకపోతే పేజీ నంబరు చెప్పి నన్ను అడగండి. “ఎవరో అన్నారు మేడం” అని మాత్రం మొదలుపెట్టకండి.