గ్లూటాథయోన్ డ్రిప్పులు, థయోల్ ఎంజైములు: అపోహలు - వాస్తవాలు

నేను జీవరసాయన శాస్త్రం బోధిస్తాను. థయోల్ ఎంజైములతో, అంటే గంధకం-హైడ్రోజన్ జంటతో (థయోల్) పనిచేసే ఎంజైములతో, నాది ఇరవై ఏళ్ళ సావాసం. ఒకప్పుడు బంధువుల్లో ఎవరూ నా పని గురించి అడిగేవారు కాదు. ఇప్పుడు మన కణాలే తయారుచేసుకునే, థయోల్ ఉన్న చిన్న అణువు గ్లూటాథయోన్ పేరు తెలియని ఇల్లు లేదు, నాకు భోజనాల దగ్గర కూడా విశ్రాంతి లేదు. మొన్న ఒక నిశ్చితార్థంలో, నాకు చెల్లెలు వరసయ్యే పెళ్ళికూతురి తల్లి పక్కకు పిలిచింది. "అన్నయ్యా, రంగు తేలుతుందని అమ్మాయికి ఆరు డ్రిప్పులు ఎక్కించాం. ఇంకో నాలుగున్నాయి. విటమిన్ సి కూడా కలుపుతారట. ప్రమాదం లేదు కదా?" డబ్బు ముందే కట్టేశారు, భయం తర్వాత వచ్చింది. ఆమెను తప్పుపట్టలేను. తప్పు ఆమెకు ఆ మాటలు అమ్మినవారిది.

అపోహ: గ్లూటాథయోన్ ఎక్కించుకుంటే కణాలకు యాంటీఆక్సిడెంట్ శక్తి పెరుగుతుంది.

వాస్తవం: గ్లూటాథయోన్ ఒంటరిగా చేయగలిగింది చాలా తక్కువ. కణాల్లో పుట్టే, ఎక్కువైతే హాని చేసే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో అది నత్తనడకన చర్య జరుపుతుంది. పెరాక్సిరెడాక్సిన్ అనే ఎంజైములోని ఒక్క సిస్టీన్ (థయోల్ ఉన్న అమైనో ఆమ్లం) అదే పనిని దాదాపు కోటి రెట్లు వేగంగా చేస్తుంది. రెండింటిలోనూ ఉన్నది అదే గంధకం, అదే థయోల్. అయితే ఎంజైము తన సిస్టీన్ చుట్టూ అమర్చిన చోటులో ఆ థయోల్ ప్రోటాన్‌ను వదిలేసి థయోలేట్‌గా కాచుకుని ఉంటుంది. వేగమంతా ఆ అమరికది.

పైగా ఎక్కించినది కణంలోకి చేరాలి కదా! రక్తంలో అది నిమిషాల్లో తగ్గిపోతుంది. చాలా కణాలు దాన్ని ఉన్నదున్నట్టు లోపలికి తీసుకోవు. కణాల పైపొరమీది ఎంజైము దాన్ని ముక్కలు చేస్తే, ఆ ముక్కలతో కణం మళ్ళీ తయారు చేసుకుంటుంది. అదీ తనకు కావలసినంతే. గ్లూటాథయోన్ చాలినంత ఉంటే, దాన్ని తయారుచేసే ఎంజైమును అదే అడ్డుకుంటుంది. మామూలు కణంలో 1 నుంచి 10 మిల్లీమోలార్ వరకు ఉండనే ఉంటుంది, ప్లాస్మాలో ఉండేది మైక్రోమోలార్లలోనే (మిల్లీమోలార్లో వెయ్యో వంతు).

టీ కొట్టు గుర్తు చేసుకోండి. గ్లాసులు ఎన్ని కొన్నా, కడగడానికి నీళ్ళు రాకపోతే పది నిమిషాల్లో ఎంగిలి గ్లాసుల గుట్టే మిగులుతుంది. గ్లూటాథయోన్ గ్లాసు, పనిచేయగానే ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని ఎంగిలవుతుంది. కడిగే కుర్రవాడు గ్లూటాథయోన్ రిడక్టేజ్, అతనిదీ సిస్టీన్ల జంటతో చేసే పనే. నీళ్ళు ఎన్ఏడీపీహెచ్, అంటే ఆ ఎలక్ట్రాన్లు తిరిగి అందించే అణువు. ఎర్ర రక్తకణానికి ఆ నీళ్ళు వచ్చే కుళాయి ఒక్కటే, దాన్ని నడిపేది జీ6పీడీ ఎంజైము.

నా కోపమంతా ఇక్కడే. జీ6పీడీ లోపం ఉన్నవారు చాలామందికి ఆ సంగతే తెలియదు. మన్యంలో మలేరియాకు, ఈ లోపం ఉంటే ఎర్ర కణాలను పగలగొట్టగల ప్రైమాక్విన్ మందు ఇచ్చే వైద్యులకు ఇది బాగా తెలుసు, డ్రిప్పులు అమ్మే చోట ఎవరూ అడగరు. పెద్ద మోతాదులో సిరలోకి వెళ్ళిన విటమిన్ సి తానే పెరాక్సైడ్‌ను పుట్టిస్తుంది. కుళాయి సన్నగా వచ్చేవారిలో ఎర్ర కణాలు పగిలిపోవచ్చు. తెల్లబరచడానికి వాడే గ్లూటాథయోన్ ఇంజెక్షన్ల గురించి ఫిలిప్పీన్స్ ఔషధ నియంత్రణ సంస్థ 2011లోనే హెచ్చరించింది. చెల్లెలికి చెప్పింది ఇంతే: "అయిన ఆరింటి గురించి బెంగ వద్దు, మిగిలినవి వద్దు. మూత్రం నల్లటీ రంగులో వచ్చినా, కళ్ళు పచ్చబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. జీ6పీడీ పరీక్ష చేయించండి."

అపోహ: పారాసిటమాల్ వేసుకుంటే గ్లూటాథయోన్ అయిపోతుంది.

వాస్తవం: వైద్యులు చెప్పిన మోతాదులో అయిపోదు, జ్వరంతో బాధపడకండి. మోతాదు బాగా మించితే నిజంగానే కాలేయంలో అడుగంటుతుంది. అప్పుడు కూడా వైద్యులిచ్చేది గ్లూటాథయోన్ కాదు, సిస్టీన్ అందించే ఎన్-ఎసిటైల్ సిస్టీన్. మొదటి 8 గంటల్లో అందితే అది బాగా పనిచేస్తుంది.

అపోహ: ఆక్సీకరణం అంటే చెడిపోవడం.

వాస్తవం: పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక ఎంజైమును, థయోల్ ఆక్సీకరణం చెందకుండా కాపాడే డీటీటీ అనే రసాయనం కలపకుండా ఫ్రిజ్‌లో పెట్టి సంక్రాంతికి ఊరెళ్ళాను. తిరిగొచ్చేసరికి చలనం లేదు. ఏడుపు ఒక్కటే తక్కువ. డీటీటీ కలిపితే మూడో వంతు తిరిగొచ్చింది. డైసల్ఫైడ్‌గా (రెండు గంధకాలు జతకట్టి), సల్ఫెనిక్ ఆమ్లంగా (గంధకానికి ఒక ఆక్సిజన్ చేరి) మారిన సిస్టీన్లు వెనక్కి వస్తాయి. రెండు ఆక్సిజన్లు చేరి సల్ఫినిక్ దాకా పోయినవి డీటీటీకి లొంగవు. (గైడుగారు ఒక్క మాటా అనలేదు, అదే పెద్ద శిక్ష.) కణం ఈ వెనక్కి వచ్చే గుణాన్నే మీటలా వాడుకుంటుంది. ఇన్సులిన్ అందగానే కొద్దిగా పెరాక్సైడ్ పుడుతుంది. అది, ఇన్సులిన్ సంకేతాన్ని చల్లార్చే పీటీపీ1బీ ఎంజైములోని సిస్టీన్‌ను తాత్కాలికంగా ఆపి, ఇన్సులిన్ సంకేతాన్ని బలపరుస్తుంది. 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో, వ్యాయామం చేస్తూ విటమిన్ సి, ఇ మాత్రలు వేసుకున్నవారికి ఇన్సులిన్ స్పందనలో రావలసిన మెరుగుదల రాలేదు. అసలు ఇన్సులిన్ అణువు నిలబడేదే మూడు డైసల్ఫైడ్ బంధాల మీద.

అపోహ: థయోల్ ఉన్న ప్రతి ఎంజైమూ ఎలక్ట్రాన్లు మోస్తుంది.

వాస్తవం: లేదు. మాంసం మెత్తబడటానికి వేసే పచ్చి బొప్పాయిలోని పపైన్ తన థయోల్‌తో ప్రోటీన్లను కోస్తుంది, అంతే.

చెల్లెలు నిన్న ఫోను చేసింది. అమ్మాయి జీ6పీడీ మామూలుగానే ఉందట. మిగిలిన నాలుగింటి డబ్బు మాత్రం తిరిగి ఇవ్వరట. వాటికి బదులు అంతే ఖరీదుకు ఉత్త విటమిన్ సి డ్రిప్పులు ఎక్కించుకోవచ్చని చెప్పారట.