పెళ్ళిచీర, పరికిణీ, ఒక అరుపు పాట

తెనాలి

చిరంజీవులు సాహితికి, బుజ్జిగాడికి, హైదరాబాదులో ఉన్న మిగతా అల్లరి మూకకి తాతయ్య దీవించి వ్రాయునది.

ఇక్కడ నేనూ బామ్మా క్షేమం. ధనుర్మాసం కదా, తెల్లారకుండానే గుడి మైకు లేపేస్తోంది. ముగ్గుపిండి అయిపోయిందని బామ్మ నన్ను పొద్దున్నే బజారుకి తరిమింది. వెళ్ళొచ్చి, కాఫీ తాగి, ఇది మొదలుపెట్టాను.

సాహితీ, పోయిన ఆదివారం నువ్వు ఫోన్లో అడిగినదానికి "ఎవరి రుచి వాళ్ళదమ్మా" అని తప్పించుకున్నాను. అది జవాబు కాదు. పెద్దవాళ్ళకి తోచనప్పుడు అనే మాట అది. ఫోను పెట్టేశాక సిగ్గేసింది.

నువ్వు చెప్పింది మిగతా పిల్లల కోసం మళ్ళీ చెబుతాను. న్యూజెర్సీలో వీళ్ళ బడి చలికాలం కచేరీ జరిగింది. పై క్లాసు పిల్లలు ముగ్గురు పియానో, బేసు అనే బొంగురుగొంతు తీగవాయిద్యం, డ్రమ్ములు పెట్టుకుని ఒక రాక్ పాటని జాజ్ చేసి, అంటే దాన్ని తమ ఇష్టానికి అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించారు. సాహితి లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. పక్కనే వాళ్ళ నాన్న చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కారెక్కి ఇల్లు చేరేదాకా "పాటని చంపేశారు" అని ఒకటే సణుగుడు. వెనక వరసలో కూర్చున్న ఓ జాజ్ పెద్దాయన అయితే "వాయించడానికి ఇంతకంటే మంచి పాట దొరకలేదా" అన్నాడట. "పాట ఒక్కటే కదా తాతయ్యా, ముగ్గురికి మూడు రకాలుగా ఎందుకు వినబడింది?" అని సాహితి ప్రశ్న.

ముందు ఆ పాట సంగతి. నేనూ కూర్చుని విన్నాను, బామ్మ తలుపు వేసుకున్నా సరే. 1991లో నిర్వాణ అనే అమెరికా బృందం తెచ్చిన పాట, పేరు 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్'. పేరు విని ఏదో వేదాంతం అనుకునేరు. కర్ట్ కోబేన్ అని ఆ పాట పాడిన కుర్రాడు. అతని గోడ మీద ఒక స్నేహితురాలు ఆ మాట రాసింది. ఆ టీన్ స్పిరిట్ ఆడపిల్లలు చంకల్లో రాసుకునే సెంటు లాంటి సరుకు పేరని అతనికి తెలియదు. విప్లవ నినాదం అనుకుని పాటకి పెట్టుకున్నాడు. పిల్లలూ, నవ్వండి, పరవాలేదు. ఆ పాట ఉన్న ఆల్బమ్ 1992 జనవరిలో మైకేల్ జాక్సన్‌ని తోసేసి అమెరికా ఆల్బమ్‌ల అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది. 1994లో ఆ కుర్రాడు పోయాడు. ఇరవై ఏడేళ్ళు.

పాటలో ఉన్నదేమిటంటే, గిటారు మీద నాలుగు మెట్లు, అంటే తీగలన్నీ కలిపి ఒక్కసారి మీటే నాలుగు స్వరాల గుత్తులు. ఆ నాలుగే తిరుగుతూ ఉంటాయి. కాసేపు గొణుగుడు, కాసేపు గొంతు చించుకుని అరుపు, మళ్ళీ గొణుగుడు. మాటలు నాకు ఒక్కటీ అర్థం కాలేదు. అమెరికా వాళ్ళకీ అర్థం కాలేదట, దాని మీద ఎగతాళి పాట కూడా వచ్చింది. అయినా ఆ అరుపులో ఏదో ఉంది. నాకు నచ్చింది అనను, తీసిపారెయ్యనూ లేను.

మీ బడి పిల్లలు ఆ ఆలోచన తెచ్చుకున్నది ది బ్యాడ్ ప్లస్ అనే ముగ్గురి బృందం నుంచి అయ్యుండాలి. అప్పట్లో పియానో ఈథన్ ఐవర్సన్, బేసు రీడ్ ఆండర్సన్, డ్రమ్ములు డేవ్ కింగ్. 2003లో వచ్చిన ఆల్బమ్‌లో ఆ అరుపు పాటని ఒక్క మాట లేకుండా వాయించారు. అప్పుడూ ఇదే గొడవ. రాక్ వాళ్ళలో కొందరికి అది పాటని పాడుచెయ్యడం. జాజ్ వాళ్ళలో కొందరికి అది జనం కోసం చేసిన గారడీ. మిగిలినవాళ్ళు పరవశించిపోయారు.

ఇప్పుడు బామ్మ పెళ్ళిచీర దగ్గరికి రండి.

1971లో మా పెళ్ళికి కొన్న కంచిపట్టు చీర. నెమలికంఠం రంగు, అరచెయ్యి వెడల్పు జరీ అంచు. మోస్తే చిన్నపిల్లని ఎత్తుకున్నంత బరువు. అదలా బీరువాలో మడతల మీద చిరుగుతూ ఉంది. మీ అత్త తన కూతురి ఓణీల వేడుకకి దాన్ని పరికిణీ కుట్టిస్తానని ఫోన్లో అడిగింది. బామ్మ "ఊఁ" అంది. అప్పటికి ఆవిడ మనసులో కత్తెర లేదు. వేడుక రోజు పిల్ల పరికిణీ వేసుకుని గిరగిరా తిరిగింది. బామ్మ చెల్లెలు "అబ్బ, ఎంత బాగుందే, చీరకి మళ్ళీ ప్రాణం వచ్చింది" అంది. బామ్మ వంటింట్లోకి వెళ్ళి రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఆ టైలరు వచ్చి, "ఇంత పాత బట్ట మీద నా పనితనం అంతా పెట్టాల్సొచ్చింది, కొత్త బట్ట ఇస్తే ఎంత బాగా కుట్టేవాణ్ణి" అన్నాడు. చూడండి, ముగ్గురూ వచ్చేశారు. చప్పట్ల సాహితి, చేతులు కట్టుకున్న నాన్న, వెనక వరస పెద్దాయన.

ఇంకా చెబుతాను. ఆ నాలుగు మెట్లు చీర అంచు. బ్యాడ్ ప్లస్ వాళ్ళు దాన్ని పారెయ్యలేదు, పారేస్తే ఏ చీరో గుర్తుండదు. పియానో ఎడమచేతి కింద, బేసు కింద అంచు నడుస్తూనే ఉంటుంది. అరుపు ఉందే, అది కొంగు. కొంగు తీసేశారు. మధ్యలో బట్టని కుచ్చిళ్ళు పెట్టారు. కుచ్చిలి పెడితే బట్ట అంతా ఉంటుంది కానీ అంతా కనబడదు, నడిచినప్పుడు ఒక మడత విచ్చుకుని ఓ బుటా తళుక్కుమంటుంది. పాట కూడా అట్లాగే. పియానో ఎటో చెదిరిపోయి, ఇక పాట లేదు అనుకునే వేళకి ఎక్కడినుంచో ఒక ముక్క తొంగిచూస్తుంది. డ్రమ్ములు కుట్టుమిషను. మీ నాన్న ఇది చదివి "నాన్న మరీ లాగుతున్నాడు" అంటాడు. అననీ.

అసలు జాజ్ వాళ్ళ కుటుంబ వృత్తే ఈ కత్తిరించి కుట్టడం. సాహితీ, నువ్వు భుజాన వేసుకుని తిరిగే ఆ సాక్సఫోను సంగతే విను. 1939లో కోల్మన్ హాకిన్స్ 'బాడీ అండ్ సోల్' అనే ప్రేమపాటని రికార్డు చేశాడు. మొదట్లో నాలుగు అడుగులు పాట ఛాయలో నడిచి, ఆ తర్వాత మూడు నిమిషాల రికార్డూ అయిపోయేదాకా తన సొంతమే. అయినా జనం ఎగబడి కొన్నారు. 'ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్' సినిమా మీరంతా చూశారుగా, ఉరుము శబ్దానికి భయపడ్డ పిల్లలకి ఆ పంతులమ్మ తనకి ఇష్టమైనవన్నీ వరసగా చెప్పే పాట? ఆ సినిమా 1965లో వచ్చింది. అంతకు ముందు అది నాటకం. 1960లోనే, అంటే సినిమా రాకముందే, జాన్ కోల్ట్రేన్ ఆ పాటని సన్నాయిలా నిటారుగా ఉండే సాక్సఫోను మీద పదమూడు నిమిషాలకు పైగా వాయించాడు. పిల్లల పాట కాస్తా తపస్సు అయి కూర్చుంది. కాబట్టి వెనక వరస పెద్దాయనతో నేను ఏకీభవించను. ఆయనకి పూజ్యమైన జాజ్ పాటల్లో చాలా మటుకు ఒకప్పుడు బజారు పాటలే. పాతబడ్డాక మర్యాద వచ్చింది, అంతే.

మరి చిన్నప్పుడు నేనూ ఇలాంటి గొడవలో చిక్కుకున్నవాణ్ణే. నాకు పదేళ్ళో పదకొండేళ్ళో. మా ఊరి చెరువుగట్టు పక్కన పెట్రోమాక్సు దీపాల వెలుగులో రాయబారం నాటకం. కింద చాప, చాప కింద చలి. కృష్ణుడు 'జెండాపై కపిరాజు' పద్యం ఎత్తుకున్నాడు. ఆ ఊళ్ళో ఆ పద్యం రానివాడు లేడు, గొడ్లు కాసేవాళ్ళూ పాడేవాళ్ళు. ఈయన ఒక్కో పాదం చివర రాగం అందుకుంటే హార్మోనియం ఆయన వెంటపడలేక ఆయాసపడ్డాడు. పాదం ముగిసేసరికి నేను రెండుసార్లు కునుకు తీసి లేచానని మా అన్నయ్య అనేవాడు, అబద్ధం, ఒక్కసారే. సగం జనం "వన్స్ మోర్" అని కేకలు. మా పెదనాన్న మాత్రం తువ్వాలు దులుపుకుని లేచారు. "పద్యం చదవమంటే పాట పాడతాడేమిట్రా. తిరుపతి వెంకట కవులు రాసిన మాట ఒక్కటైనా చెవిన పడిందా?" అంటూ చీకట్లో వెళ్ళిపోయారు. ఆ కృష్ణుడు మళ్ళీ అదే పద్యం అందుకున్నాడు. ఈసారి వేరేగా. పద్యం అదే, రాగం పోయే దారి వేరు. నాకు నిద్ర ఎగిరిపోయింది.

మర్నాడు కాలవ రేవు దగ్గర ఊరు రెండు పక్షాలు. పెదనాన్న పక్షానికి పద్యం ముఖ్యం, అవతలి పక్షానికి గొంతు ముఖ్యం. నేను గొంతు పక్షం. అంతటితో ఊరుకోక బళ్ళో పద్యం అప్పజెప్పమంటే అదే ఫక్కీలో రాగం తీశాను. మాస్టారు గడియారం చూసి, "ఒరే, జెండా ఎగిరేలోపు బడిగంట కొట్టేస్తారు, కూర్చో" అన్నారు.

ఇన్నేళ్ళకి పెదనాన్న మీద జాలి కలుగుతోంది. ఆయన చిన్నప్పుడు ఆ పద్యాలు ఒకరు చదువుతుంటే విని మతిపోయి, రాత్రికి రాత్రి కంఠస్థం చేశారట. ఆయనకి కావలసింది ఆ రాత్రి. కృష్ణుడు దాని మీద తన రాగం పరిచాడు.

మళ్ళీ చీర దగ్గరికి. ఇంతసేపూ లాక్కొచ్చాను కానీ ఇక్కడ నా పోలిక చిరిగింది. చీరని కత్తిరిస్తే చీర ఉండదు. పాట అట్లా కాదు. ఎవరెన్ని కుచ్చిళ్ళు పెట్టినా నిర్వాణ పాట నిర్వాణ దగ్గరే ఉంది, మీటనొక్కితే ఆ అరుపు అట్లాగే అరుస్తుంది. మరి ఏదీ తెగనప్పుడు నాన్నకి ఎక్కడ నొప్పి పుట్టింది?

మీ నాన్న 1992లో వరంగల్లో ఇంజనీరింగులో చేరాడు. మొదటిసారి ఇల్లు వదలడం. రైలెక్కించినప్పుడు నా వంక చూడకుండా కిటికీలోంచి అటు పక్కకి చూశాడు. దసరాకి ఇంటికొచ్చినప్పుడు ఎవరో స్నేహితుడి దగ్గర ఎక్కించుకున్న క్యాసెట్టు తెచ్చాడు. ఆ అరుపులు విని "ఇదేం రోగంరా" అన్నాను. ఏమీ అనకుండా చెవులకి తగిలించుకునే వాక్‌మన్ ఒకటి అరువు తెచ్చుకుని డాబా మీదకి పోయాడు. ఆ పాటలో మీ నాన్నకి ఇంకా పద్దెనిమిదేళ్ళే. ఆ నాలుగు మెట్లని పియానో మీద ఎవరో తీరిగ్గా విప్పి చూస్తుంటే, ఆ హాస్టల్ గది తలుపు చెప్పకుండా తీసినట్టు ఉండి ఉంటుంది. నీకు ఆ గది లేదు. నువ్వు విన్నది ఆ ముగ్గురు పిల్లల వేళ్ళని, అందుకే లేచి నిలబడ్డావు. ఒక బాణీ ఒక ఏడాదిని తనలో ఎట్లా దాచుకుంటుందో నాకు తెలియదు. ముప్ఫై ఏళ్ళు బడిపంతులు పని చేశాను, ఇది ఏ పాఠంలోనూ లేదు.

అంతమాత్రాన మార్చినవన్నీ గొప్పవని అనను. పాల్ ఆంకా అనే పెద్దగాయకుడు 2005లో ఇదే పాటని బాకాలూ ట్రంపెట్లూ పెట్టి పెళ్ళివిందు పాటలా పాడాడు. వినడానికి హాయిగానే ఉంది. కానీ ఆ కుర్రాడు ఎందుకు అరిచాడో ఈయనకి పట్టినట్టు లేదు, చీరకి లేసు కుట్టినట్టుంది. ఆ పియానో ముగ్గురూ అలా కాదు, మధ్యలో వాళ్ళు మాటలు లేకుండానే అరిచారు. ఇది నా లెక్క. మీ లెక్క వేరే రావచ్చు, కానీ ఒక్కసారి విని చెప్పకండి. నచ్చలేదనడానికే కాదు, నచ్చిందనడానికి కూడా మూడుసార్లు వినాలి.

కాబట్టి సాహితీ, ఒక పని చెయ్యి. నాన్నకి తీరిక ఉన్న రోజు చూసుకుని ఇద్దరూ పక్కపక్కన కూర్చోండి. ముందు నాన్న పాట పెట్టు. అది నడుస్తున్నంతసేపూ నువ్వు నోరు మెదపకూడదు. తర్వాత ఆ ముగ్గురిది. అప్పుడు నాన్న నోరు మెదపకూడదు. కళ్ళు మూసుకుని, ఆ నాలుగు మెట్లు ఎక్కడ మాయమయ్యాయో, మళ్ళీ ఎవరి చేతిలోంచి వచ్చాయో వేళ్ళ మీద గుర్తుపెట్టుకో. రెండూ అయ్యాక, ఏది బాగుంది అని మాత్రం అడగకు. వరంగల్లో గది నంబరు ఎంత నాన్నా అని అడుగు.

బుజ్జిగాడు డ్రమ్ముల మీద చేతులు వెయ్యకుండా చూడు.

ఆశీస్సులతో,
తాతయ్య

తా.క. ఇదంతా బామ్మకి చదివి వినిపించాను. కొంగు ముక్క టైలరుకి ఇవ్వలేదట. ఇన్నాళ్ళూ నాకూ చెప్పలేదు. బీరువాలో కింది అరలో తెల్లగుడ్డలో చుట్టి ఉంది. వేసవికి వచ్చినప్పుడు చూపిస్తానంది.