ఆఫ్రికాకు ఉమ్మడి మందుల నియంత్రణ సంస్థ ఎందుకు కావాల్సి వచ్చింది?

2022 అక్టోబర్ 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ నాలుగు దగ్గు, జలుబు సిరప్‌లపై హెచ్చరిక జారీ చేసింది. అప్పటికే గాంబియాలో పదుల సంఖ్యలో పసిపిల్లలు కిడ్నీలు దెబ్బతిని చనిపోయారు. సిరప్‌లు హర్యానాలో తయారైనవి. వాటిలో కిడ్నీలను దెబ్బతీసే విషపదార్థాలు డైఇథిలీన్ గ్లైకాల్, ఇథిలీన్ గ్లైకాల్ ఉన్నాయని ఆ సంస్థ చెప్పింది. తాము పరీక్షించిన శాంపిళ్లలో అవేమీ లేవని భారత ప్రభుత్వం వాదించింది. ఆ తగువు ఎలా ఉన్నా, అప్పటికి గాంబియాకు మందులు పరీక్షించే సొంత ల్యాబ్ లేదన్నది మాత్రం నిజం. శాంపిళ్లు పరాయి దేశాలకు పంపుకోవాల్సి వచ్చింది.

ఈ విషం ఆఫ్రికాకు కొత్త కాదు. 1990లో నైజీరియాలో పారాసిటమాల్ సిరప్‌లో ఇదే కలిసి వంద మందికి పైగా పిల్లలు పోయారు. 2008-09లో అక్కడే పళ్లొచ్చే వయసు పిల్లలకు పట్టే ‘మై పికిన్’ మందు ఇంకో 80 మందికి పైగా పొట్టనబెట్టుకుంది. సిరప్‌లలో వాడాల్సిన ప్రొపిలీన్ గ్లైకాల్ ఖరీదెక్కువ. ఫ్యాక్టరీల్లో వాడే డైఇథిలీన్ గ్లైకాల్ చౌక, పైగా చూస్తే తేడా తెలియదు.

నైజీరియాలో 2001లో ఔషధ నియంత్రణ సంస్థ పగ్గాలు పట్టిన డోరా అకున్యిలి ఫార్మసీ ప్రొఫెసర్. ఆమె చెల్లెలు నకిలీ ఇన్సులిన్ వల్లే చనిపోయింది. ఆమె నకిలీ సరుకును బహిరంగంగా తగలబెట్టించారు, భారత్, చైనా కంపెనీల మీదా నిషేధాలు పెట్టారు. 2003లో ఆమెపై కాల్పులు జరిగాయి, వెంట్రుకవాసిలో బతికారు. అంత తెగువ చూపినా, ఒక దేశం తలుపు మూస్తే సరుకు పక్క దేశానికి మళ్లుతుంది. నకిలీకి సరిహద్దు అడ్డు కాదని 1995లోనే నైజర్‌కు తెలిసొచ్చింది. మెనింజైటిస్ ప్రబలినప్పుడు నైజీరియా నుంచి విరాళంగా అందిన టీకాలు నకిలీవని తేలింది.

మందుల నియంత్రణలో ఆఫ్రికా దేశాలు కలిసి పనిచేయాలన్న ప్రయత్నం 2009లో మొదలైంది. 2013లో జాంబియా, జింబాబ్వే, బోట్స్వానా, నమీబియా మందుల దరఖాస్తులను ఉమ్మడిగా పరిశీలించడం మొదలుపెట్టాయి. హైదరాబాద్ కంపెనీల్లో ఎగుమతి ఫైళ్లు చూసేవాళ్లకు ఈ మార్పు విలువ వేరే చెప్పక్కర్లేదు. ఒకే మాత్రకు దేశానికో డోసియర్ (అనుమతి కోసం ఇచ్చే వివరాల ఫైలు) తయారు చేసే అవస్థ వాళ్లది.

2019 ఫిబ్రవరిలో ఆఫ్రికా దేశాల కూటమి అయిన ఆఫ్రికన్ యూనియన్, ఈ ఉమ్మడి సంస్థ ‘ఆఫ్రికన్ మెడిసిన్స్ ఏజెన్సీ’ ఏర్పాటు ఒప్పందాన్ని ఆమోదించింది. 15 దేశాల ధ్రువీకరణ పూర్తయి, అది అమల్లోకి వచ్చేసరికి 2021 నవంబర్ 5 అయింది. ఆ 15లో నైజీరియా, దక్షిణాఫ్రికా, కెన్యా లేవు. కేంద్ర కార్యాలయాన్ని రువాండా రాజధాని కిగాలీకి ఇచ్చారు. 2025లో ఘనాకు చెందిన మిమీ డార్కో తొలి డైరెక్టర్ జనరల్‌గా నియమితులయ్యారు.

ఉమ్మడి పరిశీలన వల్ల మంచి మందు త్వరగా వస్తుంది, నాసిరకం తయారీదారు దొరికిపోయే అవకాశం పెరుగుతుంది. నకిలీ సరుకు చేసేవాడు మాత్రం అనుమతి కోసం ఏ ఆఫీసుకూ దరఖాస్తు పెట్టుకోడు. వాణ్ని పట్టుకోవాల్సింది ఓడరేవులో, మందుల షాపులో ఇన్‌స్పెక్టరే. ఆ ఇన్‌స్పెక్టర్‌కు జీతం, ల్యాబ్ ఇవ్వడం ఇప్పటికీ ఆయా దేశాల చేతిలోనే ఉంది.