‘ఇప్పుడే వద్దు’ వెనుక తొంభై ఏళ్లు

బెంగళూరు మారతహళ్లి పీజీలలో ఉండే తెలుగువారికి ఆదివారం ఇంటి నుంచి వచ్చే ఫోనులో పెళ్లి ప్రస్తావన తప్పదు. ఇరవై అయిదేళ్లప్పుడు ‘ఇప్పుడే వద్దమ్మా’ అన్నవారే ముప్పైకి దగ్గరపడ్డాక ‘మంచి సంబంధం వస్తే చూడండి’ అంటారు. మరికొన్నేళ్లకు ‘ఇంక ఎందుకులే’ అన్నవారు సైతం చెల్లెలి పెళ్లికి వెళ్లివచ్చాక మళ్లీ మెత్తబడుతుంటారు. పెద్దలు దీన్ని నిలకడలేనితనం అంటారు కానీ, పెళ్లి మీద మనసు ఇలా మారేటంత వ్యవధి దొరకడం మన ఇళ్లలో ఈమధ్య సంగతే.

మన ముత్తవ్వల్లో చాలామందికి ఇష్టాయిష్టాలు తెలిసే వయసుకు ముందే మెడలో తాళి పడింది. బాల్యవివాహాలను అడ్డుకునేందుకు 1930 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన శారదా చట్టం పెళ్లికి ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్లు నిండాలన్నప్పుడు, ఆ గడువులోపే హడావుడిగా పెళ్లిళ్లు జరిపించిన కుటుంబాలు దేశమంతటా ఉన్నాయి. 1978 సవరణతో ఆ వయసులు 18, 21 అయ్యాయి. చట్టం కొంత వ్యవధి కల్పించింది. దాన్ని ఇంకా సాగదీసినవి హాస్టలు చదువులు, ఆ తరువాత జీతాలు.

1983లో ఇన్ఫోసిస్ పుణె నుంచి బెంగళూరుకు మారింది, 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఇక్కడ కేంద్రం తెరిచింది. అక్కడి నుంచి విస్తరించిన సాఫ్ట్‌వేర్ రంగం తెలుగు ఇంజనీర్లకు, అందులోనూ అమ్మాయిలకు, పుట్టిల్లూ అత్తిల్లూ కాని మూడో చిరునామా ఇచ్చింది. తిండికీ నీడకూ పెళ్లే దిక్కైన రోజుల్లో కోరిక ఎంతో, అవసరం ఎంతో తేల్చడం కష్టం. జీతం ఆ ముడిని చాలావరకు విప్పింది, పూర్తిగా మాత్రం విప్పలేదు: ‘ఫ్యామిలీలకు మాత్రమే’ అన్న టులెట్ బోర్డుల ముందు ఒంటరివారికి పెళ్లి అవసరం ఇప్పటికీ గుర్తొస్తుంది. వయోజనులు పెళ్లి కాకుండా కలిసి ఉండడం నేరం కాదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పినా, ఇంటి ఓనర్ల లెక్కలు వేరు.

ఈలోగా సంబంధాలు వెతికే తీరూ మారింది. పెళ్లిళ్ల పేరయ్య ఏడాదికి నాలుగైదు సంబంధాలు తెచ్చేచోట, 1990ల చివర మొదలైన మ్యాట్రిమోనీ వెబ్‌సైట్లు వందల ప్రొఫైళ్లు పరిచాయి. ఇక్కడే ఒక మెలిక ఉంది. అవతలివారు వయసు గడిలో ‘30 వరకు’ అని పెట్టుకుంటే 31 నిండిన అమ్మాయి వారి కంటికే కనబడదు. అబ్బాయిల విషయంలో జీతం గడి, సొంత ఇల్లు ఉందా అన్న ప్రశ్న అదే పని చేస్తాయి. సంబంధాల కబుర్లు తగ్గే కొద్దీ ఆసక్తీ తగ్గుతుంది. ఇంట్లోవారికి మాత్రం అది ‘పెళ్లంటే ఇష్టం లేకపోవడం’గా వినబడుతుంది. ‘ఎందుకులే’లో అయిష్టం పాలెంత, అలసట పాలెంత అన్నది చాలాసార్లు ఆ మాట అన్నవారికే తెలియదు.

ప్రొఫైల్ నడిపేది తరచూ ఊళ్లో ఉన్న తల్లే. పుట్టిన తేదీని బట్టి అందులో వయసు దానంతటదే పెరుగుతుంది. ఫొటో మాత్రం నాలుగేళ్ల కిందట అన్న పెళ్లిలో తీసిందే ఉంటుంది.