మన దస్తావేజులకి వేసిన తాళం ఎన్నేళ్ళు ఆగుద్ది? క్వాంటమ్ గొడవ వెనకున్న కథ

తొంభై ఆరు తుఫానుకి మా ఇంటి పెంకులు లేచిపోయి, ట్రంకు పెట్టెలోని దస్తావేజులన్నీ తడిసి ముద్దయిపోయాయి. 1996 నవంబర్ 6 రాత్రి సంగతి అది, కోనసీమలో నలభై దాటినవాళ్ళు ఎవర్నడిగినా ఆ రాత్రి ఎక్కడ తలదాచుకున్నారో చెప్తారు. తర్వాత తాతయ్య ఆ కాయితాల్ని అరుగు మీద ఎండలో పరిచి ఒక్కోటీ విడదీస్తుంటే సిరా చేతికంటుకుపోయేది, సర్వే నంబర్లు, నాలుగు హద్దులు ఏవీ కనపడలేదు. భయంతో రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గరున్న దస్తావేజు లేఖరి గారి దగ్గరికెళ్తే ఆయన "ఆయ్, మీ దగ్గరది పోతే ఏవైందండీ, ఆఫీసు పుస్తకాల్లో ఉంది కదండీ, నకలు తీయించుకుందారి" అన్నారు. ఆ నకలే ఇప్పటికీ మా బీరువాలో ఉంది.

ఇది జరిగిన రెండేళ్ళకే, 1998 నవంబర్‌లో, ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కార్డ్ అనే కంప్యూటర్ పద్ధతి మొదలైంది. తర్వాత ఈసీ కంప్యూటర్‌లోంచి రావడం, 2015లో మీభూమి వెబ్‌సైట్ వచ్చాక అడంగల్, 1బి లాంటి భూమి రికార్డులు ఫోన్‌లోనే చూసుకోవడం, అన్నీ మన కళ్ళముందే జరిగాయి. ఇప్పుడు చాలా సర్టిఫికెట్ల మీద సంతకం ఉండాల్సిన చోట డిజిటల్ సంతకమే ఉంటది. తుఫానుకి తడవదు, చెదలు పట్టదు. కానీ ఆ సంతకాన్ని కాపాడేది ఒక లెక్క, ఆ లెక్కకి ఆయుష్షు ఎంత అన్నదే క్వాంటమ్ కంప్యూటర్లనే కొత్త రకం మెషిన్ల గురించి మనం అడగాల్సిన మొదటి ప్రశ్న అని నా గట్టి నమ్మకం. అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ అనగానే మన దగ్గర అందరూ మా అబ్బాయికి ఉద్యోగం వస్తదా అని అడుగుతున్నారు, అది తప్పేం కాదు, కానీ ఈ లెక్క ఆయుష్షు ప్రశ్న ఎవరూ అడగట్లేదు కాబట్టి ఈ కథ మొదట్నుంచీ చెప్తాను.

1976లో డిఫీ, హెల్‌మన్ అనే ఇద్దరు ఒక కొత్త ఆలోచన ప్రచురించారు, తాళం అందరికీ ఇచ్చెయ్యొచ్చు, చెవి మాత్రం ఒక్కళ్ళ దగ్గరే ఉంటుంది అని. 1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ దానికో లెక్క కట్టారు, వాళ్ళ పేర్ల మొదటి అక్షరాలతో అదే ఆర్‌ఎస్‌ఏ. (నిజానికి బ్రిటన్ గూఢచార సంస్థలో క్లిఫర్డ్ కాక్స్ 1973లోనే ఇలాంటిది కనిపెట్టాడు, రహస్యం కాబట్టి 1997 దాకా బయటపెట్టలేదు. రాజ్యాలు ఇలాంటివాటిని ఎన్నాళ్ళు దాచగలవో దీన్నిబట్టే తెలుస్తుంది.) దీని కిటుకు మన కొబ్బరి రాశి లాంటిది. రెండు తోటల కాయలు ఒక్క రాశిలో పోసెయ్యడం క్షణం పని, పోసేశాక ఏ కాయ ఏ తోటదో విడదీయమంటే ఎవరివల్లా కాదు. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలు గుణించడం తేలిక, వచ్చిన సంఖ్యని చూసి ఆ రెండూ ఏవో చెప్పడం మామూలు కంప్యూటర్లకి అలవి కాదు. బ్యాంకు లావాదేవీలు, వెబ్‌సైట్లు, డిజిటల్ సంతకాలు, ఆధార్ నమోదు చేసేటప్పుడు మన వేలిముద్రల్ని మూటగట్టి పంపే పద్ధతి, అన్నీ ఇలాంటి లెక్కల మీదే నడుస్తున్నాయి.

1981లో ఫైన్‌మన్ అనే భౌతిక శాస్త్రవేత్త, ప్రకృతి పరమాణువుల స్థాయిలో క్వాంటమ్ పద్ధతిలో నడుస్తున్నప్పుడు దాన్ని లెక్కగట్టే మెషిన్ కూడా అలాగే ఉండాలి కదా అన్నాడు. 1985లో డేవిడ్ డాయ్చ్ అలాంటి మెషిన్ ఎలా ఉండాలో సిద్ధాంతం రాశాడు. అప్పటిదాకా ఇది ప్రొఫెసర్ల వ్యవహారమే. 1994లో బెల్ ల్యాబ్స్‌లో పీటర్ షోర్ వచ్చి, అలాంటి మెషిన్ ఉంటే కలిపేసిన రాశిని విడదీయొచ్చని చూపించాడు. ఎలాగంటే కాయ కాయా చూడక్కర్లేదు, ఆ లెక్కలో మళ్ళీ మళ్ళీ తిరిగొచ్చే వరస ఒకటి ఉంటుంది, దాన్ని పట్టుకుంటే చాలు. దాళ్వాలో కాలవ నీళ్ళు వంతులవారీగా ఇస్తున్నప్పుడు ఎన్ని రోజులకోసారి వంతు తిరుగుతుందో తెలిసినోడికి ఏ రోజు ఎవరి చేలో నీళ్ళుంటాయో తెలిసిపోయినట్టన్నమాట.

2001లో ఐబీఎం వాళ్ళు ఏడు క్యూబిట్లతో (క్వాంటమ్ మెషిన్ లెక్క చెయ్యడానికి వాడే చిన్న ముక్కలు) 15ని మూడు, అయిదుగా విడదీశారు. చాలామంది ఇంతేనా అనుకున్నారు. 2019లో గూగుల్‌లో పనిచేసే క్రెయిగ్ గిడ్నీ, స్వీడన్ పరిశోధకుడు మార్టిన్ ఎకెరా లెక్కగట్టి 2048 బిట్ల పొడవున్న ఆర్‌ఎస్‌ఏ తాళం విరగ్గొట్టడానికి రెండు కోట్ల క్యూబిట్లు కావాలి, ఎనిమిది గంటలు పడుతుంది అన్నారు. 2025 మేలో అదే గిడ్నీ మళ్ళీ లెక్కేసి పది లక్షల లోపు క్యూబిట్లతో వారం లోపు అవుతుందన్నాడు. ఆరేళ్ళలో కావాల్సిన క్యూబిట్లు ఇరవయ్యో వంతుకి తగ్గాయి, మెషిన్లు పెరిగి కాదు, కేవలం లెక్క తెలివి పెరిగి. అమరావతికి వస్తుందని 2025లో ప్రకటించిన ఐబీఎం మెషిన్‌లో ఉండేది 156 క్యూబిట్లు, దాంతో ఎవరి దస్తావేజూ ఎవరూ పగలగొట్టలేరు, ఆ భయం అక్కర్లేదు. రేపెప్పుడో పెద్ద మెషిన్ వస్తే చూసుకుందాంలే అనుకోవడం దగ్గరే చిక్కంతా.

ఎందుకంటే తాళం వేసిన పెట్టెని ఈరోజే ఎత్తుకుపోయి, చెవి దొరికేదాకా గోడౌన్లో పెట్టుకోవచ్చు. ఇంటర్నెట్‌లో వెళ్ళే సమాచారాన్ని మధ్యలో కాపీ చేసి దాచుకుని పదేళ్ళకో పదిహేనేళ్ళకో విప్పడం అన్నమాట. దీనికి కెనడాలో వాటర్‌లూ యూనివర్సిటీ మిషెల్ మోస్కా ఒక మామూలు కూడిక చెప్పాడు. నీ రహస్యం ఎన్నేళ్ళు దాగాలి, క్వాంటమ్ మెషిన్‌ని తట్టుకునే కొత్త తాళాలకి మారడానికి ఎన్నేళ్ళు పడుతుంది, ఈ రెండూ కలిపితే మెషిన్ రావడానికి పట్టే ఏళ్ళకంటే ఎక్కువైతే నువ్వు ఇప్పటికే లేటు. మన ఊళ్ళకి ఈ కూడిక వేసి చూడండి. గల్ఫ్‌లో ఉన్న అక్కచెల్లెళ్ళు ఇంటికి పంపిన డబ్బు లెక్కలు అయిదారేళ్ళు దాగితే సరిపోవచ్చు. హెచ్‌ఐవీ మందులు తీసుకునే మనిషి రిపోర్టు ఆ మనిషి బతికున్నంత కాలం దాగాలి, పిల్లల పెళ్ళిళ్ళయ్యేదాకా ఇంకా దాగాలి. వేలిముద్ర అయితే మార్చుకోడానికే లేదు.

సంతకాల సంగతి ఇంకో రకం. రహస్యం బయటపడటం ఒక నష్టం, మన పేరున దొంగ సంతకం పుట్టడం అంతకంటే పెద్ద నష్టం. ఆర్‌ఎస్‌ఏ లాంటి పాత లెక్కతో వేసే సంతకం విరిగిన రోజున, పాత తేదీతో కొత్త కాయితం పుట్టించొచ్చు. ఇక్కడే మన చట్టం కథ వస్తుంది. 2000లో వచ్చిన ఐటీ చట్టం మూడో సెక్షన్‌లో, ఎలక్ట్రానిక్ రికార్డుని ధ్రువీకరించడానికి జంట తాళంచెవుల పద్ధతినీ, రికార్డు మొత్తాన్ని చిన్న గుర్తుగా కుదించే హాష్ అనే లెక్కనీ వాడాలని పద్ధతి పేరు పెట్టి మరీ రాసేశారు. 2008 సవరణలో వేరే పద్ధతులకీ దారి తెరిచారు, మంచిదే. కానీ సురక్షితమైన డిజిటల్ సంతకం ఉన్న రికార్డుని ఎవరూ మార్చలేదని కోర్టు ముందుగా నమ్మాలని మన సాక్ష్యాల చట్టంలో ఉంది, కాదన్నవాడే నిరూపించుకోవాలి. లంకలో ఎకరంన్నర అరటి తోట ఉన్న రైతు, కోర్టు మెట్లెక్కి, అయ్యా ఈ సంతకం వెనక లెక్క క్వాంటమ్ మెషిన్‌తో విరిగిపోయిందండీ అని ఎలా నిరూపిస్తాడు? ఏ నిపుణుణ్ణి తెచ్చుకుంటాడు, ఫీజు ఎక్కడిది? భూమి స్వాధీనం దావాలకి పన్నెండేళ్ళ గడువు సంగతి మన రైతులకి బాగా తెలుసు, ఎన్నో కుటుంబాలు దానివల్లే దెబ్బతిన్నాయి, మరి మోసం జరిగిందని తెలిసేదే పదిహేనేళ్ళ తర్వాత అయితే గడువు ఏ రోజునుంచి లెక్కపెట్టాలి అన్నది వకీళ్ళు ఇప్పుడే మాట్లాడుకోవాల్సిన విషయం. రాష్ట్రంలో ల్యాండ్ టైటిలింగ్ చట్టం 2023 అక్టోబర్‌లో అమల్లోకొచ్చి 2024లో రద్దయిన గొడవలో జనం అంత భయపడింది కూడా ఇందుకే కదా, కాయితం మన చేతిలో ఉండదేమో, ఎక్కడో ఉన్న రికార్డే ఆఖరి మాట అవుద్దేమో అని.

కొత్త తాళాలు లేవా అంటే ఉన్నాయి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2016లో ప్రపంచమంతా పిలుపిచ్చి, ఎనిమిదేళ్ళు పరీక్షలు పెట్టి, 2024 ఆగస్టులో మూడు కొత్త ప్రమాణాలు ఇచ్చింది. మధ్యలో పోటీలో చాలా దూరం వచ్చిన సైక్ అనే పద్ధతిని 2022లో బెల్జియం పరిశోధకులు మామూలు కంప్యూటర్‌తోనే గంటలో విరగ్గొట్టేశారు, అంటే కొత్తవి కూడా కళ్ళు మూసుకుని నమ్మేవి కావు, అవసరమైతే మళ్ళీ మార్చుకునేలా కట్టుకోవాలి. సిగ్నల్ యాప్ 2023లో, ఆపిల్ ఐమెసేజ్ 2024లో కొత్త తాళాల్లోకి వచ్చేశాయి. కబుర్లకి ముందు కొత్త తాళం పడింది, మరి భూముల రికార్డులకి ఎప్పుడు?

మన దేశానికి తాళాలతో ఉన్న సంబంధం మొదట్నుంచీ అనుమానంతోనే నడిచింది. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీల లైసెన్సుల్లో 40 బిట్లకి మించిన తాళం అనుమతి లేకుండా వాడకూడదని షరతు ఉండేది, అంటే ప్రభుత్వం తేలిగ్గా విప్పగలిగేదే వాడాలని. 2015 సెప్టెంబర్‌లో ఒక ఎన్‌క్రిప్షన్ విధానం ముసాయిదా పెట్టారు, అందులో జనం పంపిన మెసేజ్‌ల మామూలు కాపీ 90 రోజులు దాచుకోవాలని రాస్తే గోల లేచి వెంటనే వెనక్కి తీసుకున్నారు. 2017 ఆగస్టులో పుట్టస్వామి తీర్పులో తొమ్మిదిమంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు, ప్రభుత్వం అందులో వేలు పెట్టాలంటే చట్టం ఉండాలి, సరైన అవసరం ఉండాలి, తగిన మోతాదులోనే ఉండాలి అన్నారు. ఆ మోతాదు మాట ఇప్పుడు చాలా ముఖ్యం. అందరి పాత మెసేజ్‌లూ ఒకేసారి విప్పగల మెషిన్ చేతికొచ్చిన రోజున, ఏ రాజ్యమైనా సరే, మోతాదు ఎవరు కొలుస్తారు?

2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం కంపెనీలు తగిన భద్రత తీసుకోవాలంది, లేకపోతే 250 కోట్ల దాకా జరిమానా. 2025 నవంబర్‌లో రూల్స్ వచ్చాయి, ముఖ్యమైనవి అమలవ్వడానికి పద్దెనిమిది నెలలు గడువిచ్చారు. తగిన భద్రత అంటే రేపటి మెషిన్‌ని కూడా తట్టుకునేదా, ఈరోజుకి సరిపోయేదా అన్నది చట్టంలో లేదు. తాళం వేసి ఉన్న డేటా పోతే అది బయటపడినట్టా కాదా అన్నదీ వాదనకి వదిలేశారు. నాకు అన్నిటికంటే బాధగా ఉన్న సంగతి ఇంకోటి, ఆ జరిమానా దేశ ఖజానాకి పోతుంది, నష్టపోయిన మనిషికి పైసా రాదు. పాత ఐటీ చట్టంలో 43ఏ సెక్షన్ కింద పరిహారం అడిగే దారుండేది, దాన్ని ఈ కొత్త చట్టం ఎత్తేస్తుంది.

తాళాల గోలలో పడి జనం పెద్దగా పట్టించుకోనిది క్వాంటమ్ సెన్సర్ల సంగతి, మనకి మాత్రం అది ఇంటి ముందు విషయం. 2022లో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ వాళ్ళు పరమాణువుల్ని చల్లబరిచి, గురుత్వాకర్షణలో వెంట్రుకవాసి తేడాలు కొలిచి, తవ్వకుండానే నేలకింద సొరంగం ఎక్కడుందో చూపించారు. కేజీ బేసిన్‌లో ఉన్నవాళ్ళకి నేలకింది సంపద అంటే ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలు మండింది. సముద్రంలో పక్క పక్క బ్లాకుల్లో ఓఎన్‌జీసీ వైపు గ్యాస్ రిలయన్స్ వైపుకి పోయిందన్న వివాదం ఏళ్ళ తరబడి నడిచి, 2018లో మధ్యవర్తులు రిలయన్స్ వైపు తీర్పిస్తే 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. అంత పెద్ద కంపెనీల మధ్యే కింద ఏముంది, ఎటు పోయింది అన్నది తేలడానికి అన్నేళ్ళు పట్టింది. ఇప్పుడు సర్వే వాళ్ళు చేలోకొస్తే వైర్లు పరుస్తారు, బోర్లు వేసి పేలుస్తారు, మనకి కనపడుతుంది కాబట్టి ఆగండి బాబూ, పైరు పోద్ది, నష్టం కట్టండి అని అడగగలుగుతున్నాం. రేపు వ్యాన్‌లో పెట్టుకున్న సెన్సర్ గట్టు మీదినుంచి వెళ్ళిపోతే అడగడానికి ఎవరూ కనపడరు. నా నేల కింద ఏముందో నాకంటే ముందు వేరేవాడికి తెలిసి, వాడొచ్చి చౌకగా కొనుక్కుపోతే, అది మోసమని ఏ చట్టం కింద అంటాం? 2001లో అమెరికా సుప్రీంకోర్టు కైలో కేసులో, ఇంటి బయట నిలబడి వేడి చూసే కెమెరాతో గోడల లోపలి సంగతి తెలుసుకోవడం కూడా సోదా కిందే లెక్క, వారెంట్ కావాలంది. అలాంటి మాట మన దగ్గర నేల గురించి కూడా ఎవరో ఒకరు అడగాలి, సెన్సర్లు రోడ్డెక్కక ముందే.

మెషిన్ ఎవరి చేతిలో ఉంటుందన్నది ఇంకో గొడవ. అమెరికా 2024 సెప్టెంబర్‌లో క్వాంటమ్ మెషిన్లు, వాటి భాగాల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. మన కేంద్రం 2023 ఏప్రిల్‌లో ఆరు వేల కోట్ల పైచిలుకుతో నేషనల్ క్వాంటమ్ మిషన్ ఒప్పుకుంది, 2031 దాకా యాభై నుంచి వెయ్యి క్యూబిట్ల మెషిన్లు సొంతంగా కట్టాలని. కట్టాలి, తప్పదు, అద్దె మెషిన్ మీద దేశం రహస్యాలు నడపలేం. అందులో కొంత డబ్బు పాత రికార్డులకి కొత్త సంతకాలు వేయించడానికి కూడా కేటాయిస్తే నాలాంటివాళ్ళకి నిద్ర పడుతుంది.

మొన్న మా నాన్న బీరువా సర్దుతూ ఆ తొంభై ఏడు నాటి నకలు, పక్కన మొన్నామధ్య తీసిన ఈసీ ప్రింటు, రెండూ చేతిలో పట్టుకుని ఏది అసలుదిరా అనడిగారు. ఆ ప్రింటు మీద డిజిటల్ సంతకం ఏ లెక్కతో వేశారు, 2030 తర్వాత దాన్ని మళ్ళీ కొత్త తాళంతో సంతకం చేసే ఏర్పాటుందా లేదా అని సమాచార హక్కు కింద దరఖాస్తు రాశాను, రేపు పోస్టులో వేస్తాను.