సమ్మె నోటీసంటే ఇంత భయం ఎందుకు? ఆ జీవో నంబరు 2 దగ్గరికి వెళ్లాలి

యూనియన్లు, సమ్మెల నియమాల్ని ఒకచోట చేర్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి విజయవాడ, గుంటూరు యూనియన్ ఆఫీసుల్లో నలుగురు కూర్చుంటే ఇదే మాట: ఇక నోటీసు ఇచ్చినా కేసేనా? అంతకుముందున్న 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం, 1947 పారిశ్రామిక వివాదాల చట్టం కథ యూనియన్లలో తిరిగేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఇక్కడి టెన్షన్ అసలు మొదలైంది 2024 జనవరి 6న.

ఆ రోజు అంగన్‌వాడీలపై ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం) ప్రయోగిస్తూ రాష్ట్ర ప్రభుత్వం జీవో నంబరు 2 ఇచ్చింది. ఆరు నెలల పాటు సమ్మె నిషేధం. అప్పటికి సమ్మె 26వ రోజు. కార్యకర్తకు నెలకు 11,500, ఆయాకు 7,000 రూపాయలు. వాళ్లు అడిగింది 26,000 కనీస వేతనం, పని మానేటప్పుడు ఒకేసారి ఇచ్చే గ్రాట్యుటీ. ఈ గ్రాట్యుటీ గొంతెమ్మ కోరికేమీ కాదు. గుజరాత్ అంగన్‌వాడీల కేసులో 2022 ఏప్రిల్‌లోనే సుప్రీంకోర్టు గ్రాట్యుటీ చట్టం వీళ్లకు వర్తిస్తుందని తీర్పు చెప్పింది. కోర్టు ఇవ్వమన్నదాన్ని అడగడానికి రోడ్డెక్కితే ఎస్మా వచ్చింది.

పసిపిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు పోషకాహారం ఆగిపోతోందని ప్రభుత్వం చెప్పింది. అది నిజమైన ఇబ్బందే.

కానీ జీవో కంటే ముందు, సమ్మె మొదలైన కొద్ది రోజులకే, చాలాచోట్ల సెంటర్ల తాళాలు పగలగొట్టి గ్రామ, వార్డు సచివాలయ సిబ్బందిని కూర్చోబెట్టారు. ఆ గదిలో ఉన్న బియ్యం, పప్పు, గుడ్లు, పాల ప్యాకెట్లు, బరువు తూచే మిషను అన్నిటికీ రిజిస్టరులో సంతకం పెట్టింది ఆ కార్యకర్తే. తను లేనప్పుడు తలుపు తెరిస్తే, రేపు లెక్కలో తేడా వస్తే జవాబు చెప్పాల్సిందీ ఆమే. సమ్మెలో దిగే మనిషికి చట్టం వల్ల వచ్చే కష్టం ఇలా కూడా ఉంటుంది. జైలు గురించి మాట్లాడేవాళ్లు దీన్ని మర్చిపోతారు.

ఇంకో సంగతి. 2006లో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు అంగన్‌వాడీలవి ప్రభుత్వ కొలువులు కావంది. అందుకే జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. ప్రభుత్వ జీతాల స్కేలు అడిగితే మీరు ఉద్యోగులు కారు, సమ్మె చేస్తే మీరు లేకపోతే గడవదు! ప్రభుత్వం ఈ రెండు మాటలూ ఒకే మనిషితో అన్నది.

జనవరి 22 తెల్లవారకముందే విజయవాడ ధర్నా చౌక్‌లో నిరాహార దీక్ష శిబిరాన్ని పోలీసులు ఖాళీ చేయించారు. విధుల్లో చేరనివాళ్లను తొలగించడానికి కదిలారు. ఆ రాత్రి చర్చలతో 42 రోజుల సమ్మె ముగిసింది.

తమిళనాడులో 2003లో లక్షకు పైగా ప్రభుత్వ ఉద్యోగుల్ని ఆ రాష్ట్ర ఎస్మా కిందే తీసేశారు. ఆ కేసులోనే సుప్రీంకోర్టు ప్రభుత్వ ఉద్యోగులకు సమ్మె చేసే హక్కు లేదని చెప్పింది. మన ఆర్టీసీ వాళ్లు 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వ ఉద్యోగులు. విలీనం రోజున స్వీట్లు పంచుకున్నవాళ్లకు, ప్రవర్తనా నియమాల్లో సమ్మె నిషేధం కూడా దాంతోపాటే వచ్చిందని ఎంతమంది చెప్పారు?

ఇక ప్రైవేటు వాళ్ల సంగతి. ఇంతకుముందు నీళ్లు, కరెంటు, రవాణా లాంటి ప్రజోపయోగ సేవలకే చట్టం ముందస్తు నోటీసు అడిగేది. కోడ్ వచ్చాక గుంటూరు స్పిన్నింగు మిల్లయినా 14 రోజుల నోటీసు ఇవ్వాల్సిందే. సగం మంది కూడబలుక్కుని ఒకే రోజు క్యాజువల్ లీవు పెట్టినా సమ్మె కిందే లెక్క. అసలు మెలిక ఇక్కడుంది: నోటీసు అందగానే కార్మిక శాఖ అధికారి రాజీ చర్చలకు పిలవాలి. చర్చలు నడిచినన్నాళ్లూ, ముగిశాక మరో 7 రోజులూ సమ్మె చేయకూడదు. నోటీసు ఇవ్వకపోతే తప్పు, ఇస్తే చర్చల పేరుతో ఆపుతారు.

గీత దాటితే కార్మికుడికి 1,000 నుంచి 10,000 రూపాయల జరిమానా, లేదా నెల వరకు జైలు, లేదా రెండూ. పాత 1947 చట్టంలో జరిమానా 50 రూపాయలే. సమ్మెకు పురిగొల్పారంటే 50,000 దాకా పోతుంది. కోడ్‌ను ఉల్లంఘించిందని యూనియన్ రిజిస్ట్రేషన్ కూడా రద్దు చేయొచ్చు. పని ఆపినందుకు జీతం కోత ఎలాగూ ఉంది. నాలుగు గంటలు పని ఆపిన బ్యాంకు ఉద్యోగులకు రోజంతా జీతం కోయడాన్ని 1990లోనే సుప్రీంకోర్టు సమర్థించింది.

శాంతియుతంగా సమ్మె చేసిన యూనియన్‌పై యజమాని నష్టపరిహారం దావా వేయకుండా 1926 చట్టం ఇచ్చిన రక్షణ మాత్రం కోడ్‌లోనూ ఉంది. అయితే దాన్ని వాడుకోవాలంటే ముందు ఆ యూనియన్ రిజిస్ట్రేషన్ నిలవాలి.