చెవులు కుట్టించిన రోజు రక్తం ఎంతసేపటికి ఆగింది?

ముక్కు సరిచేయించుకోవాలనో, పొట్ట తగ్గించుకోవాలనో సర్జన్ దగ్గరికి వెళితే రాసిచ్చే పరీక్షల్లో మన దగ్గర బీటీ (బ్లీడింగ్ టైమ్), సీటీ (క్లాటింగ్ టైమ్, అంటే రక్తం గడ్డకట్టే సమయం) ఇప్పటికీ కనిపిస్తుంటాయి. ల్యాబ్‌లో చెవి తమ్మె మీద గుచ్చి, అర నిమిషానికోసారి ఫిల్టర్ కాగితంతో చుక్కను అద్దుతారు. ఎర్ర మచ్చలు ఒకదాని పక్కన ఒకటి చిన్నవవుతూ పోయి, చివరికి కాగితానికి ఏమీ అంటదు. అప్పటికి గడిచిన నిమిషాలే బ్లీడింగ్ టైమ్. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. ఆపరేషన్ బల్ల మీద ఎవరికి రక్తం ఆగదో ముందే పసిగట్టడానికి మాత్రం ఇది దాదాపు పనికిరాదు. సూది ఎంత లోతుకు దిగిందన్నదాన్ని బట్టే లెక్క మారిపోతుంది.

రక్తం గడ్డకట్టే తీరును ఇంతకంటే మెరుగ్గా చూసే పీటీ, ఏపీటీటీ పరీక్షలకు కూడా దొరక్కుండా తప్పించుకునే జబ్బు ఒకటుంది. వంశపారంపర్యంగా వచ్చే రక్తస్రావ జబ్బుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది అదే: వాన్ విల్లిబ్రాండ్ వ్యాధి. ఫిన్లాండ్ వైద్యుడు ఎరిక్ వాన్ విల్లిబ్రాండ్ 1924లో ఓలాండ్ దీవుల నుంచి వచ్చిన ఐదేళ్ల పాపను పరీక్షించి, 1926లో ఆ కుటుంబం గురించి రాశాడు. రక్తం సరిగా గడ్డకట్టని మరో వంశపారంపర్య జబ్బు హీమోఫీలియా ఎక్కువగా మగపిల్లల్లో కనిపిస్తే, ఇది ఆడవాళ్లనూ వదలడం లేదని గమనించాడు. ఆ పాప పదమూడో ఏట, నాలుగో నెలసరిలో రక్తం ఆగక చనిపోయింది.

ఈ జబ్బులో తక్కువయ్యేది, లేదా సరిగా పనిచేయనిది, దారంలాంటి ఒక పొడవాటి ప్రోటీన్. మామూలుగా అది ఉండ చుట్టుకుని రక్తంలో తిరుగుతుంటుంది. నాళం తెగినచోట గోడకు అతుక్కుంటుంది. ప్రవాహం లాగేకొద్దీ విచ్చుకుని, మల్లెలను దండగా పట్టి ఉంచే దారంలా ప్లేట్‌లెట్లను పట్టుకుంటుంది. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ 8 అనే మరో ప్రోటీన్‌ను కాపాడేదీ ఇదే. చిక్కేమిటంటే దీని మోతాదు నిలకడగా ఉండదు. ఆందోళనలో, గర్భంతో ఉన్నప్పుడు పెరుగుతుంది. ‘O’ గ్రూపు రక్తం వాళ్లకు సహజంగానే కొంత తక్కువ. అందుకే ఒక్కసారి నార్మల్ వచ్చిందని వదిలేయకుండా మళ్లీ చేయిస్తారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపం వస్తే అది ఈ జబ్బులో మూడో రకం, అన్నిటికంటే తీవ్రమైనది. మేనరికాలు ఎక్కువున్న మన కుటుంబాల్లో దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

అందం కోసం చేసే ఆపరేషన్లలో రక్తం ఎంత పోయిందన్నదొక్కటే కాదు, ఎక్కడ చేరిందన్నదీ ముఖ్యం. ముఖం ముడతలు తీసేటప్పుడు పైకి లేపిన చర్మం కింద గడ్డ కడితే ఆ ఒత్తిడికి చర్మమే చచ్చిపోవచ్చు. ముక్కు మధ్యగోడ మృదులాస్థికి రక్తనాళాలుండవు. దాని మీది పొరే పోషిస్తుంది. ఆ రెంటి మధ్య రక్తం చేరి, వెంటనే తీయకపోతే మృదులాస్థి కరిగి ముక్కు దూలం కుంగుతుంది. తీర్చిదిద్దమని వెళ్లిన ముక్కే చట్టిముక్కవుతుందన్నమాట!

అయినా జబ్బు ముందే తెలిస్తే చాలామందికి ఆపరేషన్ చేయొచ్చు. డెస్మోప్రెస్సిన్ అనే మందు నాళాల గోడల్లో దాగిన ప్రోటీన్‌ను గంటలోపే రక్తంలోకి వదిలిస్తుంది. అందరికీ పనిచేయదు, కొన్ని రకాల్లో ఇవ్వకూడదు కూడా. అందుకే ముందొక రోజు ఇచ్చి, రక్తం తీసి చూస్తారు. ఇచ్చాక నీళ్లు ఎక్కువ తాగనివ్వరు, ఒంట్లో సోడియం పడిపోతుంది. పనిచేయనివారికి ప్రోటీన్‌నే ఎక్కిస్తారు. ఏర్పడిన గడ్డ కరిగిపోకుండా ట్రానెక్సామిక్ యాసిడ్ తోడవుతుంది. అయితే రక్తం అతిగా గడ్డకట్టే తత్వం ఉన్నవారికి లెక్క తలకిందులు. పొట్ట ఆపరేషన్ తర్వాత కాళ్లలో గడ్డలు కట్టకుండా చూడటమే అక్కడ అసలు పని.

ఇదంతా రక్త జబ్బుల నిపుణుడైన హెమటాలజిస్టు పని. అక్కడిదాకా చేర్చేది మాత్రం ప్రశ్నలే. పన్ను పీకించుకున్న రాత్రి దిండు తడిసిందా? నెలసరిలో గంటకో ప్యాడ్ మార్చాల్సి వస్తుందా? చిన్నప్పుడు ముక్కు నుంచి రక్తం కారితే ఇంట్లో ‘వేడి చేసింది’ అని మజ్జిగ తాగించి ఊరుకున్నారా? చెవులు కుట్టించిన రోజు సంగతి మనకెలాగూ గుర్తుండదు. సర్జన్ దగ్గరికి అమ్మను కూడా తీసుకెళ్లండి.